బండిలో కాపురం, గాలిలో కొలువు

ఈ ఏటి సంచికకు ఏదైనా రాసి పంపమని సోదర విద్యార్థులు కోరారు. ఏమి రాయను అని అడిగితే, "మీరు అమెరికాలో వ్యానులో ఉంటూ ఉద్యోగం చేస్తున్నారట గదా! అడవిలో కూర్చున్నా నెట్టు ఎలా వస్తుందో రాయండి, మిగతా కబుర్లు అక్కర్లేదు" అని యూనియన్ కార్యదర్శి ఖరాఖండిగా చెప్పారు. సంతోషం. నిజానికి ఈ విషయంలో రాయదగింది అదొక్కటే. ఫోనుల్లో మీరు చూసే బొమ్మల్లో ఒక కొండ ఉంటుంది, ఒక సరస్సు ఉంటుంది, వ్యాను వెనక తలుపులు బార్లా తెరిచి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని చిరునవ్వు నవ్వే మనిషి ఉంటాడు. ఆ లాప్‌టాప్‌కు నెట్టు ఎక్కడనుంచి వస్తున్నదో, కరెంటు ఎవరిస్తున్నారో బొమ్మలో కనపడదు. అలా ఎండలో కూర్చుంటే తెర మీద అక్షరం కూడా కనపడదనుకోండి, అది వేరే సంగతి.

ముందు మా సంగతి నాలుగు మాటల్లో. నేను ఈ కళాశాలలోనే ఎలక్ట్రానిక్స్ చదివాను. ఇప్పుడు ఒక బీమా సంస్థకు సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. నా భార్య నర్సు. అక్కడ ట్రావెల్ నర్సులని ఒక పద్ధతి ఉంది. ఒక ఆసుపత్రిలో సాధారణంగా 13 వారాల ఒప్పందం, అది తీరగానే ఇంకో రాష్ట్రంలో ఇంకో ఆసుపత్రి. పదమూడేసి వారాలకు ఇల్లు వెతుక్కోవడం, అడ్వాన్సు కట్టడం, మంచాలూ కుర్చీలూ మోయడం మా వల్ల కాక, ఎత్తు కప్పున్న ఫోర్డ్ ట్రాన్సిట్ సరుకుల వ్యాను ఒకటి కొని, లోపల చెక్కపని చేయించి కాపురం పెట్టాము. ఇది మూడో ఏడు. ఆవిడ ఉద్యోగం ఆవిడ వెళ్ళిన ఊళ్ళో ఉంటుంది. నా ఉద్యోగం నెట్టు ఉన్నచోట ఉంటుంది, లేనిచోట ఉండదు. నెలలో ఒక వారం రాత్రి డ్యూటీ నాది. అర్ధరాత్రి కంప్యూటర్లు ఆగిపోతే పదిహేను నిమిషాల్లో నేను లైన్లోకి రావాలి. ఒకటికి రెండుసార్లు రాలేకపోతే, ఆఫీసులో కూర్చోగలిగే మనిషిని చూసుకుంటామని నాతో ముందే చెప్పి ఉంచారు. ఇంకో డ్యూటీ కూడా ఉంది. తెనాలిలో మా అమ్మకు గుండె ఆపరేషన్ అయినప్పటినుంచీ, అక్కడ ఉదయం ఏడు గంటలకు నేను వీడియోలో కనపడాలి. కనపడకపోతే ఆవిడ కాఫీ ముట్టదు, మందు వేసుకోదు. ఈ రెంటిలో ఏది పెద్ద ఉద్యోగమంటే చెప్పడం కష్టం.

సరే, విషయానికి వద్దాం. నెట్టు బాగుందా అని అడిగితే మనవాళ్ళు వెంటనే స్పీడు చెబుతారు. స్పీడొక్కటే చూస్తే మోసపోతాము. డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది తేలిగ్గా చెప్పవచ్చు. కాలవ ఎంత వెడల్పు అన్నది ఒక ప్రశ్న. లాకులు ఎత్తాక నీళ్ళు మన చేలోకి రావడానికి ఎంతసేపు పడుతుందన్నది రెండో ప్రశ్న. వచ్చే నీళ్ళు ఒకే ధారగా వస్తున్నాయా, లేక కాసేపు ఉరికి కాసేపు ఆగి, దారిలో గండి పడి కొన్ని పోతున్నాయా అన్నది మూడో ప్రశ్న. నెట్టుకూ ఇవే మూడు. వెడల్పును మెగాబిట్లలో కొలుస్తారు, ఆలస్యాన్ని మిల్లీసెకండ్లలో కొలుస్తారు, గండ్లను నూటికి ఎన్ని పొట్లాలు దారిలో పోయాయని లెక్కవేస్తారు. సినిమా చూసేవాడికి మొదటిది చాలు. ముందే కొంత నింపిపెట్టుకుని తీరిగ్గా చూస్తాడు. మాట్లాడేవాడికి రెండోదీ మూడోదీ ప్రాణం. పదిమంది కూర్చునే వీడియో సమావేశానికి కావలసిన వెడల్పు అటూ ఇటూ మూడు నాలుగు మెగాబిట్లు మాత్రమే. బొమ్మ మానేసి మాట ఒక్కటే అయితే 100 కిలోబిట్లు సరిపోతాయి. దూరాన ఉన్న కంప్యూటర్‌కు అక్షరాల్లో ఆజ్ఞలు టైపు చేసి పంపడానికి అంతకన్నా చాలా తక్కువ. ఈ మూడు మెట్లూ గుర్తుంచుకోండి, ముందు పనికొస్తాయి.

ఇంకొక మాట. అందరూ దిగుమతి వేగం చూసి మురిసిపోతారు. కాని మన మొహం, మన గొంతు అవతలికి వెళ్ళేది ఎగుమతి దారిన. ఆ దారి ఎప్పుడూ ఇరుకే. టవరు వాట్లకు వాట్లు కుమ్మరించి కేకవేస్తుంది. మన ఫోను పంపగలిగిన శక్తి సాధారణంగా వాటులో అయిదోవంతు. టవరు మాట మనకు వినిపించినంత మాత్రాన మన మాట టవరుకు వినిపిస్తున్నదని అనుకోరాదు. "నువ్వు కనపడుతున్నావురా, నేను నీకు కనపడుతున్నానా?" అని మా అమ్మ అడిగే ప్రశ్నలో టెలికమ్యూనికేషన్ శాస్త్రం సగం ఉంది.

సెల్ టవరు నుంచి వచ్చే తరంగాలన్నీ ఒక్క తీరు కావు. పౌనఃపున్యం తక్కువైతే అల పొడుగు. అది దూరం పోతుంది, గోడల్లోనుంచి, ఆకుల్లోనుంచి దూరుకుని వస్తుంది, కాని మోసే బరువు తక్కువ. పౌనఃపున్యం ఎక్కువైతే బోలెడు మోస్తుంది గాని దగ్గర్లోనే చతికిలబడుతుంది. అమెరికాలో టీ-మొబైల్‌కు 600 మెగాహెర్ట్జ్, వెరిజాన్‌కూ ఏటీ అండ్ టీకీ 700 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పొడుగు అలలున్నాయి. పల్లెల్లో, ఎడారుల్లో మనల్ని బతికించేవి ఇవే. పట్టణాల దగ్గరకు వస్తే 2.5 గిగాహెర్ట్జ్, 3.7 గిగాహెర్ట్జ్ పట్టీలు దొరుకుతాయి. అప్పుడు వందల మెగాబిట్లు వచ్చిపడతాయి. 28, 39 గిగాహెర్ట్జ్‌లవి కూడా ఉన్నాయి గాని, వాటికి ఒక చెట్టు అడ్డొచ్చినా చాలు, ఆగిపోతాయి. వ్యానువాళ్ళు వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

నెవాడాలో 50వ నంబరు రహదారి ఒకటుంది. దేశంలోకెల్లా ఒంటరి రోడ్డని 1986లో లైఫ్ పత్రిక దానికి పేరు పెట్టింది. ఊరికీ ఊరికీ మధ్య గంటసేపు పోయినా మనిషి కనపడడు, సెల్ సిగ్నల్ అసలే కనపడదు. అక్కడ మూడు కంపెనీల సిమ్ములున్నా మూడు సున్నాలే. కంపెనీలు అచ్చువేసే పటాల్లో రంగు ఉన్నంత మేరా నెట్టు ఉంటుందని నమ్మరాదు. ఆ పటాలు లెక్క ప్రకారం వేసినవి, నిలబడి కొలిచినవి కావు. పటంలో రంగు లేనిచోట మాత్రం నెట్టు లేదని ధైర్యంగా నమ్మవచ్చు.

మరి నిలబడి కొలవడం ఎలా? ఫోను మీద కనపడే గీతల్ని మరచిపోండి. నాలుగు గీతలంటే ఎంతో కంపెనీకొక లెక్క. ఫోను లోపల డెసిబెళ్ళలో ఒక అంకె ఉంటుంది, దానికి ముందు మైనస్ గుర్తు ఉంటుంది. మైనస్ 80 అంటే టవరు ఒళ్ళో కూర్చున్నట్టు. 100 అంటే పరవాలేదు, పని జరుగుతుంది. 110 దాటితే ప్రాణం బిక్కుబిక్కుమంటుంది. 120 దగ్గర నమస్కారం పెట్టి బండి తీయడమే. డెసిబెల్ అంటే మూడు పెరిగితే శక్తి రెండింతలు, పది పెరిగితే పదింతలు అని మీరు మూడో సెమిస్టరులో చదివే ఉంటారు. 85 నుంచి 115కు పడిపోయిందంటే తేడా ముప్ఫయి, అంటే వెయ్యో వంతుకు దిగిందన్నమాట. కొండ చరియ పక్కనుంచి రెండు వందల గజాలు ఇవతలికి వస్తే పదిహేను డెసిబెళ్ళు కలిసిరావడం నేను చాలాసార్లు చూశాను. ఏ దుకాణంలోనూ ఆ లాభం అంత చవగ్గా దొరకదు.

బలమొక్కటే చాలదు, గోల కూడా చూడాలి. పెళ్ళిపందిట్లో సన్నాయి, డోలు మోగుతుంటే పక్కనున్న మామయ్య చెవిలో అరిచినా వినపడదు. అదే మామయ్య రాత్రి పొలం గట్టు మీద మామూలుగా మాట్లాడితే అరమైలు వినపడుతుంది. సిగ్నల్‌కూ గోలకూ ఉన్న నిష్పత్తిని చూపించే అంకె ఇంకోటి ఫోనులోనే ఉంటుంది. అది పది పైన ఉంటే, బలం కాస్త తక్కువైనా నెట్టు నడుస్తుంది.

బలం ఉండి, గోల లేకపోయినా నెట్టు రాని సందర్భం మరొకటి ఉంది. దీన్ని కొత్తవాళ్ళు ఎవ్వరూ ముందు ఊహించరు. యూటా రాష్ట్రంలో మోయాబ్ అని అయిదు వేల పైచిలుకు జనం ఉన్న చిన్న ఊరు. ఎర్ర రాతి లోయలు చూడటానికి వచ్చేవాళ్ళతో, ఈస్టరు వారంలో జరిగే జీపుల పండగకు వచ్చేవాళ్ళతో కిటకిటలాడుతుంది. ఊరికి సరిపడా కట్టిన టవర్ల మీద ఊరికి ఎన్నోరెట్ల జనం పడతారు. అప్పుడు టవరు ఏం చేస్తుంది? ఆర్టీసీ బస్సు కండక్టరు చేసే పనే చేస్తుంది. రిజర్వేషన్ ఉన్నవాళ్ళను కూర్చోబెట్టి, తక్కినవాళ్ళను నిలబెడుతుంది. చవక ప్లానువాళ్ళు, నెలలో తమ వాటా దాటిపోయినవాళ్ళు ఆ నిలబడే జాబితాలోకి పోతారు. టవరు ఖాళీగా ఉన్నప్పుడు ఈ తేడా ఏమీ తెలియదు. మధ్యాహ్నం జనం దిగాక తెలుస్తుంది. ప్లాను పేరులో 'అపరిమితం' అని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో, ఫోనులో వాడుకుంటేనే అపరిమితం, ఫోను నుంచి లాప్‌టాప్‌కు ఇచ్చుకుంటే ఇన్ని గిగాబైట్ల తర్వాత నత్తనడక అని ఉంటుంది. వీడియో సమావేశం గంటకు సుమారు ఒక గిగాబైటు, ఒక్కోసారి రెండు కూడా తింటుంది. రోజుకు నాలుగు సమావేశాలున్న ఉద్యోగి ఆ చిన్న అక్షరాలను పెళ్ళి లగ్నపత్రిక చదివినంత శ్రద్ధగా చదవాలి.

ఇప్పుడు వ్యాను సంగతి. వ్యానంటే ఇనుప డబ్బా. ఫారడే పంజరమని ఫిజిక్సులో చదివింది ఇదే. బయట మైనస్ 98 ఉన్నచోట, తలుపులు మూసుకుని లోపల కూర్చుంటే 110 కావచ్చు. అందుకని యాంటెన్నా కప్పు మీద ఉండాలి. ఇక్కడ రెండు దారులు. ఒకటి బూస్టర్. బయటి యాంటెన్నాతో పట్టి, పెంచి, లోపలి యాంటెన్నాతో మళ్ళీ పంచేది. అమెరికా ఎఫ్‌సీసీ వారు 2013లో దీనికి నియమాలు చేశారు. బూస్టర్‌ను మన సెల్ కంపెనీ దగ్గర నమోదు చేయాలి. కదిలే బండిలో పెట్టే, అన్ని కంపెనీలకూ పనికొచ్చే రకం 50 డెసిబెళ్ళకు మించి పెంచరాదు. యాభై అంటే లక్షరెట్లు, అదేమీ తక్కువ కాదు. కాని లోపలి యాంటెన్నా చప్పుడు బయటి యాంటెన్నాకు వినిపిస్తే, మైకు ముందు స్పీకరు పెట్టినప్పుడు కూతపెట్టినట్టే కూతపెడుతుంది. వెంటనే బూస్టర్ తనంతట తాను శక్తి తగ్గించుకుంటుంది. ఒక్క బండిలో ఆ రెంటినీ ఎంత దూరం పెట్టగలం?

రెండో దారి, సిమ్ము తీసుకునే రౌటరు కొని, దాని యాంటెన్నాలనే కప్పు మీదికి తీసుకుపోవడం. నాకు ఇదే మెరుగనిపించింది. కారణమేమంటే, ఇప్పటి ఫోన్లూ రౌటర్లూ ఒకేసారి రెండు, నాలుగు యాంటెన్నాలతో వేర్వేరు ధారలు పట్టుకుంటాయి. మామూలు బూస్టరు ఆ ధారలన్నిటినీ ఒకే గొట్టంలో పోసి పంపుతుంది. అందుకే సిగ్నల్ ఓ మోస్తరుగా ఉన్నచోట బూస్టర్ వేస్తే గీతలు పెరిగి, వేగం తగ్గే విచిత్రం జరుగుతుంది. గీతలు చూసి సంతోషించేవాడు సంతోషిస్తూనే ఉంటాడు. చచ్చిబతికే సిగ్నల్ ఉన్నచోట, ఒక్క ఫోను కాల్ అయినా దక్కితే చాలనుకున్నచోట మాత్రం బూస్టర్ కంటే ఆప్తుడు లేడు.

టవరే లేనిచోట ఆకాశమే గతి. ఉపగ్రహం నుంచి నెట్టు కొత్తదేమీ కాదు. కాని పాత పద్ధతి ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండేవి. లెక్క మీరే వేయండి. మన ప్రశ్న పైకి పోయి కిందికి రావాలి, జవాబు మళ్ళీ పైకి పోయి కిందికి రావాలి. నాలుగు ప్రయాణాలు, మొత్తం లక్షా నలభై మూడు వేల కిలోమీటర్లు. కాంతి సెకండుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది గనక ప్రయాణానికే అర సెకండు దాకా పట్టింది. తక్కిన ఆలస్యాలు కలిపితే అంతకుమించి. మనం "హలో" అని, ఏమీ వినపడక మళ్ళీ "హలో" అనేసరికి అవతలివాడి మొదటి "హలో" వచ్చి ఢీకొంటుంది. కంపెనీ ఎంత పెద్దదైనా కాంతిని తొందరపెట్టలేదు. ఉపగ్రహాన్ని కిందికి దించడమే దారి. స్టార్‌లింక్ వారు చేసిందదే. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో వేలకొద్దీ చిన్న ఉపగ్రహాలు. 2019 మేలో మొదటి అరవైని పంపారు, 2022లో బండ్లవాళ్ళకోసం ప్రత్యేకమైన ప్లాను పెట్టారు. నాలుగు ప్రయాణాలూ కలిపి 2,200 కిలోమీటర్లు, ఏడు మిల్లీసెకండ్లు. నేలమీది దారులన్నీ కలిపినా సాధారణంగా ఇరవై అయిదు నుంచి అరవై మిల్లీసెకండ్లలో జవాబు వస్తుంది.

అయితే అంత కిందనున్న ఉపగ్రహం ఒకచోట నిలబడదు. నాలుగైదు నిమిషాల్లో తల మీదుగా దాటిపోతుంది. అది పోయేలోగా ఇంకోదాన్ని పట్టుకోవాలి. పళ్ళెం తిరగకుండా, దానిలోని వందల చిన్న యాంటెన్నాల దశలు మార్చి కిరణాన్ని తిప్పుతారు. యాంటెన్నా అరేల పాఠం చెబుతుంటే వెనక బెంచీలో నిద్రపోయిన మా బ్యాచివాళ్ళందరికీ ఆ పళ్ళెం చూపించాలని నా కోరిక.

దీనికి కావలసింది ఒక్కటే, విశాలమైన ఆకాశం. చెట్టు కొమ్మ అడ్డొస్తే ఆ కొమ్మ వెనక ఉపగ్రహం పోయినంతసేపూ గండి. అప్పుడు మాటిమాటికీ కొన్ని సెకండ్లు మాట తెగుతుంది. సినిమా చూసేవాడికి తెలియదు, మాట్లాడేవాడు తల బాదుకుంటాడు. పెద్ద వాన పడితే కూడా అంతే, ఆ పౌనఃపున్యాలను నీటి చుక్కలు మింగేస్తాయి.

ఇక్కడే వ్యానువాళ్ళ అసలు ధర్మసంకటం. వేసవిలో చెట్టు కింద ఆపితే చల్లగా ఉంటుంది, నెట్టు ఉండదు, కప్పు మీది సోలారు పలకలకు ఎండా ఉండదు. బయలులో ఆపితే నెట్టుంటుంది, కరెంటుంటుంది, లోపల మనిషి ఉడికిపోతాడు. దీనికి నేను కనిపెట్టిన పరిష్కారం పాతకాలపుదే. పళ్ళానికి పొడుగు తీగ కట్టి, దాన్ని బయలులో ఒక పీట మీద ఆరబెట్టి, బండిని నీడ అంచున నిలపడం. వడియాలు ఆరబెట్టుకుని అరుగు మీద కాపలా కూర్చునే మా అమ్మమ్మ గుర్తుకొస్తుంది. కాకులకు బదులు ఇక్కడ దొంగల భయం.

తీగ పొడుగైతే ఇంకో చిక్కు. 12 వోల్టుల్లో సన్నని తీగ వేస్తే దారిలోనే వోల్టేజి కరిగిపోయి పళ్ళెం ఆగి ఆగి లేస్తుంది. తీగ మందం పెంచాలి, లేదా వోల్టేజి పెంచి పంపాలి.

కరెంటు లెక్క కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నెట్టు పోయిందని ఏడ్చేవాళ్ళలో సగంమందికి నిజానికి పోయింది కరెంటే. 2024లో వచ్చిన చిన్న స్టార్‌లింక్ పళ్ళెం, మినీ అంటారు, ముప్ఫయి అయిదు వాట్లు తింటుందని వేసుకోండి. పది గంటలకు 350 వాట్ అవర్లు. లాప్‌టాప్ 45 వాట్లు, పది గంటలకు 450. రౌటరు పన్నెండే గాని ఇరవై నాలుగ్గంటలూ ఉండాలి, సుమారు 290. చిన్న ఫ్రిజ్ రోజుకు 500. ఫ్యానూ దీపాలూ 150. అన్నీ కలిపి రోజుకు 1,740. రాత్రి డ్యూటీ వారంలో పళ్ళెం రాత్రంతా వెలిగి ఉండాలి గనక ఇంకో 350 పైన. మా దగ్గరున్నది 12.8 వోల్టుల 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, అంటే 2,560 వాట్ అవర్లు. కప్పు మీద 400 వాట్ల పలకలు. వేసవిలో మంచి ఎండ కాస్తే 1,500 దాకా ఇస్తాయి, శీతకాలంలో అందులో సగం వస్తే మహాభాగ్యం. అంటే వేసవిలో కూడా రోజూ కొంత అప్పు పడుతూనే ఉన్నామన్నమాట. ఆ అప్పు బండి నడిపినప్పుడు ఇంజను ఆల్టర్నేటర్ తీరుస్తుంది. ఆవిడను ఆసుపత్రిలో దింపి రావడం నాకు భార్యాసేవే గాక బ్యాటరీసేవ కూడా.

ఈ లెక్కలో దూబరా ఎక్కడంటే ఇన్వర్టరులో. 12 వోల్టుల డీసీని 120 వోల్టుల ఏసీగా మార్చి, లాప్‌టాప్ చార్జరులో మళ్ళీ డీసీ చేసుకోవడం, బియ్యాన్ని పిండి చేసి పిండిని మళ్ళీ బియ్యం చేయబూనడం లాంటిది. మినీ పళ్ళెం 12 నుంచి 48 వోల్టుల డీసీ నేరుగా తీసుకుంటుంది. లాప్‌టాప్‌కు కూడా 12 వోల్టుల నుంచి నేరుగా ఇచ్చే చార్జర్లు దొరుకుతాయి. ఇంకొక జాగ్రత్త, ఆ లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జి చేయరాదు, చేస్తే శాశ్వతంగా దెబ్బతింటుంది. కొలరాడో చలిలో మా బ్యాటరీకి మాకన్నా ముందు కంబళి కప్పాము.

టవరొకటి, ఉపగ్రహమొకటి, రెండూ ఉన్నాయి గదా, ఇక దిగులేమిటి అంటారేమో. రెండెడ్లున్నంత మాత్రాన జోడెడ్ల బండి కాదు. ఒక ఎద్దును కాడికి కట్టి, రెండోదాన్ని వెనక నడిపించుకు పోయేవాడున్నాడు. మొదటిది కూలబడితే దాన్ని విప్పి రెండోదాన్ని కట్టేదాకా బండి ఆగుతుంది. నెట్టులో అయితే ఆ మార్పులో మన చిరునామా అంకె మారిపోతుంది. సమావేశం తెగిపోయి, ఆఫీసు వీపీఎన్ మళ్ళీ మొదటినుంచీ సంకేతపదాలు అడుగుతుంది. రెంటినీ ఒకే కాడికి కట్టే పద్ధతి వేరు. మన పొట్లాలన్నీ రెండు దారులా పోయి, ఎక్కడో ఊళ్ళో ఉన్న ఒక సర్వరు దగ్గర కలిసి, అక్కడినుంచి ఒకే చిరునామాతో లోకంలోకి పోతాయి. ఒక దారి తడబడితే రెండోది లాగుతుంది, లోకానికి తెలియదు. స్పీడిఫై అనే సాఫ్ట్‌వేర్, పెప్‌లింక్ రౌటర్లు ఈ పని చేస్తాయి. దీనివల్ల వేగం రెట్టింపవుతుందని ఆశపడితే నిరాశే మిగులుతుంది. నేను దానికి డబ్బు కట్టేది నిలకడ కోసం.

పోయిన వేసవిలో దక్షిణ యూటాలో నా డ్యూటీ వారం. అక్కడ జూలై, ఆగస్టుల్లో సాయంత్రాలూ రాత్రుళ్ళూ హఠాత్తుగా ఉరుములతో వానలు పడతాయి. రాత్రి రెండు గంటల వేళ పిలుపు వచ్చింది. క్లెయిముల చెల్లింపులు నిలిచిపోయాయి, తెల్లవారేలోగా కదలకపోతే మర్నాడు చాలామందికి డబ్బు అందదు. అదే సమయానికి మా తల మీద మబ్బు పగిలింది. పళ్ళెం చేతులెత్తేసింది. టవరు పన్నెండు మైళ్ళ దూరాన, మైనస్ 113. వీడియో మాట దేవుడెరుగు, తెర పంచుకునే ప్రశ్నే లేదు. అప్పుడు నేను చేసిందల్లా రెండు మెట్లు కిందికి దిగడం. హైదరాబాదులో ఉన్న మా సహోద్యోగిని మామూలు మాటల్లో పట్టుకుని, బొమ్మల తెరలన్నీ మూసేసి, నల్లని తెర మీద అక్షరాలతో పని నడిపాను. ఒక్కో ఆజ్ఞకు జవాబు రెండు సెకండ్లకు వచ్చేది, కాని వచ్చేది. నలభై నిమిషాల్లో వాన వెలిసి పళ్ళెం లేచింది. అప్పటికే చెల్లింపులు కదిలాయి. పని ఏ మెట్టు మీద జరగగలదో ముందే తెలిసి ఉండటం ఎన్ని యాంటెన్నాలకైనా సాటి వస్తుందని నా నమ్మకం.

కొత్త చోటికి పనిదినం నాడు చేరము. శనివారం చేరి, ఆ పూటే అంకెలు కొలిచి, చాలకపోతే ఆదివారం చోటు మారుస్తాము. ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 28 రోజుల్లో 14 రోజులకు మించి ఒకచోట ఉండనివ్వరు, కాబట్టి రెండో చోటు ఎలాగూ చూసి ఉంచుకోవాలి. అన్నీ చెడితే ఊరి గ్రంథాలయం ఉంది. అమెరికాలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంస్థ అది. కార్డు అడగరు, వైఫై ఇస్తారు, మూసేశాక కూడా చాలాచోట్ల బయట బండ్లు నిలిపే జాగాలో అందుతుంది. 2020లో కరోనా వేళ ఎందరో పిల్లలు అలా కార్లలో కూర్చుని పాఠాలు విన్నారు.

ఎన్ని చేసినా నెట్టు రాకూడని చోటు కూడా ఒకటుంది. వెస్ట్ వర్జీనియా, వర్జీనియా కొండల్లో 1958లో ఎఫ్‌సీసీ వారు 13,000 చదరపు మైళ్ళను రేడియో నిశ్శబ్ద మండలంగా ప్రకటించారు. అక్కడి గ్రీన్ బ్యాంకులో నూరు మీటర్ల పళ్ళెమున్న రేడియో దూరదర్శిని ఉంది. నక్షత్రాలనుంచి వచ్చే గుసగుసలు వినాలంటే చుట్టూ మనుషుల గోల అణిగి ఉండాలి. ఆవిడకు ఒకసారి ఆ దరిదాపుల్లో ఒప్పందం వచ్చింది. జీతం బాగుంది. పటం పరచుకుని రెండు రాత్రులు కూర్చున్నాం. చివరికి మండలానికి బయట, ఆసుపత్రికి యాభై నిమిషాల దూరాన బండి నిలిపాం. ఒక ఆదివారం మాత్రం ఆ పళ్ళెం చూడటానికి వెళ్ళాము. ఫోను తీస్తే ఏమీ లేదు. ముందే చెప్పి ఉంచాం కాబట్టి అమ్మ ఆ రోజు కాఫీ తాగింది.

మన పిల్లలకు ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. ఇది చదివి, హెచ్-1బీ మీద వెళ్ళి వ్యాను కొందామని ఎవరైనా అనుకుంటే ఆగండి. ఆ వీసా ఒక పనిచోటికి ముడిపడి ఉంటుంది. మామూలుగా రోజూ వచ్చిపోగలిగిన ప్రాంతం దాటి పనిచోటు మారితే, ఉద్యోగమిచ్చినవారు సవరణ దరఖాస్తు పెట్టాలని 2015లో సిమియో కేసులో తేల్చారు. పదమూడు వారాలకొక రాష్ట్రమంటే ఏ కంపెనీ ఒప్పుకుంటుంది? నేను పౌరసత్వం వచ్చాకే బండెక్కాను. అప్పటికి కూడా ఏ రాష్ట్రంలో ఎన్నాళ్ళు పనిచేశానో డైరీలో రాసి పెట్టుకోవలసిందే, పన్నులవాళ్ళు అడుగుతారు.

ఇక్కడ సాధ్యమా అని కార్యదర్శి అడిగారు. ఇనుప డబ్బా ఎక్కడైనా ఇనుప డబ్బాయే, డెసిబెల్ ఎక్కడైనా డెసిబెలే. మన దేశంలో కూడా 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ పట్టీని జియో కొన్నది, పొడుగు అల వచ్చిందన్నమాట. కాని అరకు ఘాట్‌లోనూ, పాపికొండల మలుపుల్లోనూ ఏ అల ఎంతవరకు వంగుతుందో ఇంట్లో కూర్చుని చెప్పలేము. ఈసారి విహారయాత్రకు వెళ్ళే ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు నలుగురు నాలుగు కంపెనీల ఫోన్లు పట్టుకుని, ప్రతి స్టేషను దగ్గరా, ప్రతి సొరంగం బయటా ఆ మైనస్ అంకెను, దాని పక్కన గోల అంకెను, వేళను ఒక నోటు పుస్తకంలో రాయండి. అంత పెద్ద పనేమీ కాదు, ఒక పెన్సిలు చాలు. ఆ పట్టిక నాకు పంపిస్తే మా కొలతల పక్కన పెట్టి చూస్తాను.